20 మిల్లీమీటర్ల పరువు

బండి టైరు సైజును ఆ బండి తయారుచేసిన కంపెనీయే నిర్ణయించాలన్న దురాచారం మన దేశంలో ఇంకా కొనసాగడం విచారకరం. పెళ్లి సంబంధం, ఇంటి స్థలం, పిల్లాడి ఇంజనీరింగ్ బ్రాంచీ... దేంట్లోనైనా సంబంధం లేనివాళ్ల సలహానే కదా మనం పాటించేది! ఒక్క టైరు దగ్గరికొచ్చేసరికి చెన్నైలో కూర్చున్న ఇంజనీర్ల మాటే వేదమైపోవాలట.

2016లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి పాత హిమాలయన్ బైకునే తీసుకోండి. ముందు 90/90-21, వెనక 120/90-17. మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఎత్తు, అదీ వెడల్పులో శాతంగా. మూడోది రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. ఒకే టైరు మీద మూడు రకాల కొలతలు పెట్టి మనల్ని తికమక పెడదామనుకున్నారు పాపం. మనం మొదటి అంకె చదివి ఆపేస్తాం. అది పక్కవాడి బండి అంకెకన్నా పెద్దదైతే చాలు.

అందుకే 2023 చివర్లో కొత్త హిమాలయన్ వెనక 140/80-17 తొడుక్కుని దిగేసరికి పాత బండ్ల యజమానుల ఇళ్లల్లో విషాదం అలుముకుంది. అక్షరాలా 20 మిల్లీమీటర్ల అవమానం! వెంటనే టైర్ల షాపుకి పరుగు.

"140 ఎక్కుతదా అన్నా?"

"ఎందుకెక్కదు తమ్మీ, ఎక్కిస్తా."

ఎక్కదని చెప్పిన టైర్ల షాపును నేనింతవరకు చూడలేదు. ఎక్కింది సరిగ్గా తిరుగుతుందా అని అడిగిన తమ్ముణ్నీ చూడలేదు.

కొందరు ఛాందసులు మాత్రం కాగితం, పెన్ను తీస్తారు. పాత టైరు ఎత్తు 108 మిల్లీమీటర్లు, కొత్తది 112, అంటే పైనా కిందా కలిపి చక్రం మొత్తానికి పెరిగేది 8 మిల్లీమీటర్లే, అక్కడిదాకా సర్దుకోవచ్చు అంటారు. అసలు పేచీ వెడల్పు దగ్గరట. కొత్త బండికి రిమ్మూ, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్‌ఆర్మూ ఆ టైరును దృష్టిలో పెట్టుకునే గీశారు. పాత రిమ్ముకు దాన్ని తొడిగితే తమ్ముడి చొక్కాలో అన్నను దూర్చినట్టే: అంచులు లోపలికి నొక్కుకుపోయి, నడుమ గుండ్రంగా ఉబ్బుతుంది. డబ్బులిచ్చి కొన్న వెడల్పంతా రోడ్డుకు ఆనదు. బండి మలుపులో వంగడానికి బద్ధకిస్తుంది, మైలేజీ జారుతుంది, చైన్ వెళ్లి టైరు గుబ్బల్ని పలకరిస్తుంది. బురదలో దిగితే ఆ మట్టి బయటికి పోవడానికి సందు ఉండదు. పైగా ఒక కంపెనీ 140, ఇంకో కంపెనీ 140 పక్కపక్కన పెట్టి కొలిస్తే సమానంగా ఉంటాయన్న గ్యారంటీ కూడా లేదు.

అన్నీ నిజాలే. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో వెనక నుంచి చూసేవాడికి వీటిలో ఏది కనపడుతుందో చెప్పమనండి.

సైజు పక్కనే 65పి అన్నట్టు ఇంకో గుర్తు కూడా ఉంటుంది. 65 అంటే ఆ టైరు 290 కిలోలు మోస్తుంది, పి అంటే గంటకు 150 కిలోమీటర్ల దాకా పర్వాలేదు అని. రెండు వైపులా ఇనుప పెట్టెలు, వెనక భార్య, ఆమె వెనక గుడారం కట్టుకునే మనిషి ఇలాంటి చిల్లర వివరాలు చదువుతూ కూర్చుంటే ప్రయాణం ఎప్పుడు మొదలుపెడతాడు?

ఇక గుబ్బల టైర్ల సంగతి. లడఖ్ వెళ్లాలంటే గుబ్బలుండాలి. లడఖ్ ఎప్పుడన్నది వేరే విషయం, ఈలోగా కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి దాకా తారు మీద ఆ గుబ్బలు రోజూ అరుగుతూ ఉంటాయి, వాన పడితే జారుతూ ఉంటాయి. తీరా చూస్తే లడఖ్‌లోని ఉమ్‌లింగ్ లా కనుమ దగ్గర 19,024 అడుగుల ఎత్తున కూడా సరిహద్దు రోడ్లు వేసే బీఆర్‌ఓ వాళ్లు తారు వేసి పెట్టారు. సాహసికుల మనోభావాలను ఒక ప్రభుత్వ సంస్థ ఇంత దారుణంగా గాయపరచవచ్చా? మన మున్సిపాలిటీలు నయం. వానాకాలం రాగానే ఆఫీసు దారినే ఆఫ్‌రోడ్‌గా మార్చి, ఆ టైర్ల ఖర్చుకు కాస్త న్యాయం చేస్తున్నాయి.

కంపెనీలకు నా డిమాండ్ ఒక్కటే. టైరు మీద ఆ 140ని సిగ్నల్ దగ్గర వెనక ఆగిన కారువాడికి కూడా కనపడేంత పెద్దగా అచ్చువేయండి. మిగతా అంకెలు ఎంత చిన్నగా ఉన్నా ఫర్వాలేదు. చైన్ ఒరుసుకునే చప్పుడు అతనికి వినపడుతుందేమోనన్న బెంగ అక్కర్లేదు, సైలెన్సర్ మేం ఎప్పుడో మార్చేశాం.