'పుట్ ఆఫ్' సూత్రాలలో ఏదీ నిలవదు

పోటీ పరీక్షల అభ్యర్థుల వాట్సాప్ గ్రూపులలో ఒక సందేశం విరివిగా తిరుగుతోంది. ఇంగ్లిష్‌లో 'పుట్ ఆఫ్' అన్నా 'కాల్ ఆఫ్' అన్నా వాయిదా వేయడమేననీ, 'పుట్ ఆఫ్' తరువాత క్రియ వస్తే 'టు' చేర్చాలనీ, ఆ రెండు మాటలను విడదీయరాదనీ, అసలు అది స్లాంగ్ (మొరటు వాడుక మాట) కనుక పరీక్షలో 'పోస్ట్‌పోన్' మాత్రమే రాయాలనీ దాని సారాంశం.

వీటిలో మొదటిది అన్నిటికంటే హానికరం. 'పుట్ ఆఫ్' అంటే వాయిదా, 'కాల్ ఆఫ్' అంటే రద్దు. 2020లో జరగవలసిన టోక్యో ఒలింపిక్స్‌ను కరోనా వల్ల వాయిదా వేసి 2021 జూలైలో ప్రారంభించారు. 2020 వింబుల్డన్‌నైతే పూర్తిగా రద్దు చేశారు. ఒలింపిక్స్ విషయంలో 'పుట్ ఆఫ్' అనాలి, వింబుల్డన్ విషయంలో 'కాల్ ఆఫ్' అనాలి. ఈ సందేశాన్ని నమ్మినవాడు రద్దయిన పరీక్షకు కొత్త తేదీ ఎప్పుడిస్తారా అని ఎదురుచూస్తూ కూర్చుంటాడు.

రెండో సూత్రానికి ఇచ్చిన ఉదాహరణ 'ఐ పుట్ ఆఫ్ టు గో టు ద డెంటిస్ట్'. ఇది తప్పు, 'ఐ పుట్ ఆఫ్ గోయింగ్ టు ద డెంటిస్ట్' అనాలి. 'డిసైడ్', 'ప్లాన్' వంటి క్రియల తరువాత 'టు గో' రావడం చూసి దీనికీ అదే అతికించినట్టుంది. నిజానికి ఇక్కడ మన తెలుగే దారి చూపుతుంది: 'వెళ్లడం వాయిదా వేశాను' అంటామే తప్ప 'వెళ్లడానికి వాయిదా వేశాను' అనము కదా! 'పోస్ట్‌పోన్', 'డిలే' అనే క్రియలకూ ఇదే పద్ధతి. 'పుట్ ఆఫ్ టిల్ ఫ్రైడే' లాగానే 'పుట్ ఆఫ్ టు ఫ్రైడే' అనీ అంటారు గానీ, ఆ 'టు' తరువాత ఉన్నది రోజు, క్రియ కాదు.

మాటలను విడదీయరాదన్నది మరీ తేలిపోయే వాదన. 'పుట్ ఆఫ్ ద మీటింగ్', 'పుట్ ద మీటింగ్ ఆఫ్' రెండూ ఒప్పే. సర్వనామం వచ్చినప్పుడైతే విడదీయక తప్పదు: 'పుట్ ఇట్ ఆఫ్' అనాలి, 'పుట్ ఆఫ్ ఇట్' అనకూడదు.

ఇక స్లాంగ్ సంగతి. ఆఫీసు ఉత్తరంలో 'పోస్ట్‌పోన్', కోర్టు విచారణ విషయంలో 'అడ్జర్న్' మరింత హుందాగా ఉంటాయన్నది నిజమే. అయితే హుందాతనం తక్కువైనంత మాత్రాన మాట స్లాంగ్ అయిపోదు; ఇంగ్లిష్ పత్రికలు 'పుట్ ఆఫ్'ను నిస్సంకోచంగా వాడుతూనే ఉన్నాయి. పైగా 'పుట్' పక్కన ఖాళీ వదిలి, 'ఆఫ్', 'ఆన్', 'అవుట్', 'అప్'లలో ఒకదానిని ఎంచుకోమనే ప్రశ్నలో 'పోస్ట్‌పోన్' రాయడానికి చోటే ఉండదు.