గది మొత్తాన్ని గిర్రున తిప్పిన చెవి చుక్కల సీసా గారికి

గౌరవనీయులైన సీసా గారికి నమస్కారాలు.

తమరు క్షేమమేనని తెలుసు, ఎదురుగా స్టూలు మీద నిటారుగా నిలబడే ఉన్నారు కాబట్టి. నేను మాత్రం మంచం పట్టీని పట్టుకుని పడి ఉన్నాను. మధ్యాహ్నం డోసు ఎడమ చెవిలో పడిందో లేదో, ఫ్యాను ఆగిపోయి గది తిరగడం మొదలుపెట్టింది. గోడ మీది క్యాలెండరు ఒక పక్కకు జారిపోవడం, మళ్లీ మొదటికి రావడం, మళ్లీ జారడం. కడుపులో ఒకటే వికారం. రెండు నిమిషాల్లో సర్దుకుందనుకోండి, కానీ ఆ తర్వాత లేచి నిలబడాలంటే గుండె దడ. దాంతో మధ్యాహ్నమంతా పైకప్పు చూడ్డానికే సరిపోయింది.

తమరి ఒంటి మీద పెద్ద అక్షరాలతో ఏం రాసి ఉంది? 'చల్లని ప్రదేశంలో భద్రపరచండి' అని. భద్రపరిచాను కదండీ! ఎండ పొడ తగలకుండా, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే మూల వెతికి మరీ పెట్టాను. చెప్పిన మాట వింటే ఇచ్చే బహుమానం ఇదా?

డబ్బాలో మడిచి కుక్కిన కాగితాన్ని పడుకునే విప్పి చదివాను. వెనకవైపు, దుష్ఫలితాలన్నీ దాటాక, చీమ తలకాయంత అక్షరాల్లో దొరికింది అసలు ముక్క. వేసుకునే ముందు సీసాను కొన్ని నిమిషాలు అరచేతుల మధ్య పట్టుకుని వెచ్చబరచాలట, చల్లగా వేస్తే తల తిరగవచ్చట. తిరగవచ్చు! ఎంత మర్యాదగా చెప్పారండీ.

ఇదేమైనా నిన్న మొన్న కనిపెట్టిన సంగతా అంటే అదీ కాదు. మన నిలకడ చూసుకునే అర్ధవృత్తాకార నాళాలు లోపలి చెవిలో మూడుంటాయి, వాటి నిండా ద్రవం. చెవిలో చల్లటిది పడితే ఆ చలి దగ్గర్లో ఉన్న నాళానికి తగిలి అందులోని ద్రవం కదులుతుంది. తల దిండు మీదే ఉన్నా, తిరుగుతోందని మెదడు నమ్మేస్తుంది, కళ్లు దానికి తగ్గట్టు ఒక పక్కకు కొట్టుకుంటాయి. వియన్నాలో రాబర్ట్ బరానీ అనే డాక్టరు రోగుల చెవులు కడుగుతుంటే నీళ్లు చల్లగా ఉన్నప్పుడల్లా వాళ్లు తల తిరుగుతోందని గోల పెట్టేవాళ్లు. ఒకసారి నీళ్లు మరీ వేడిగా వచ్చాయి, అప్పుడూ తిరిగింది, కాకపోతే ఈసారి కళ్లు రెండో వైపుకు కొట్టుకున్నాయి. ఆయన ఆ తీగ పట్టుకుని లాగి డొంకంతా కదిపాడు, చెవిలోని నిలకడ యంత్రం మీద చేసిన పనికి 1914 నోబెల్ బహుమతి ఆయనకే ఇచ్చారు. ఇప్పటికీ తల తిరుగుడు రోగులకు 30 డిగ్రీల నీళ్లు ఒకసారి, 44 డిగ్రీల నీళ్లు ఒకసారి చెవిలో వదిలి పరీక్ష చేస్తారు. అంటే ఒంటి వేడి 37కి అటూ ఇటూ ఏడు డిగ్రీల తేడా చాలు, మనిషి గింగిరాలు తిరగడానికి.

ఇక గారూ లేదు, తమరూ లేదు. నోబెల్ ఇచ్చేంత బాగా తెలిసి వందేళ్లు దాటిన విషయాన్ని నీ నొసట రాయడానికి చోటు దొరకలేదా? కంపెనీ పేరుకు చోటుంది, చెవి బొమ్మకు చోటుంది, బొమ్మ చుట్టూ రంగురంగుల గీతలకు చోటుంది. 'చేతిలో వెచ్చబరిచి వేసుకోండి', ఇంతే కదా రాయాల్సింది! చీటీ రాసిన డాక్టరు చెప్పలేదు, కవరులో వేసి ఇచ్చిన మందుల షాపతనూ చెప్పలేదు. పెద్దవయసు వాళ్లెవరో ఒంటరిగా ఉండి, చుక్కలు వేసుకున్న వెంటనే లేచి రెండడుగులు వేస్తే? పడి తుంటి ఎముక విరిగితే ఆ కాగితం వచ్చి లేపుతుందా? పైగా ఈ సంగతి సగం తెలిసినవాళ్లు నిన్ను మరిగే నీళ్లలో ముంచుతారు. వేడెక్కువైతే అదే తిరుగుడు, దాని మీద చెవి కాలడం అదనం.

మిగతావి చిన్న ఫిర్యాదులే. నీ మూతి సంగతి ఒకటి. మొదటి చుక్క వేలాడుతూ ఉంటుంది, పడదు. కాస్త నొక్కితే మూడు ఒకేసారి మెడ మీదుగా దిండులోకి. చెవికి ఆనించి వేద్దామంటే ఆనించకూడదు, అక్కడి క్రిములు సీసాలోకి ఎక్కుతాయి. పెద్దవాళ్లకైతే చెవి డొప్పను పైకీ వెనక్కీ లాగాలి, మూడేళ్లలోపు పిల్లలకు కిందికీ వెనక్కీ. వేశాక మూడు నుంచి ఐదు నిమిషాలు అదే పక్కన పడుకోవాలి. ఇవన్నీ ఒంటి చేత్తో, చూపు ఆనని చోట!

గులిమి కరిగించే మీ చుట్టం ఒకడున్నాడు. వేయగానే చెవిలో చిటపటలు, తగ్గాల్సిన దిబ్బడ ముందు పెరగడం. గులిమి నాని ఉబ్బుతుంది కాబట్టి అది మామూలేనట. కొంచెం చురుక్కుమనడం కూడా మామూలేనట. దద్దురు లేచి, దురద పెరిగి, డొప్ప ఎర్రబడితే మాత్రం మామూలు కాదు, మందు ఒంటికి పడలేదని అర్థం. నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్న చుక్కలతో ఇది బాగా తెలిసిన గొడవే. ఆపేసి డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. తల తిరుగుడు తగ్గకపోయినా, వినికిడి తగ్గినా, చెవిలో కొత్తగా హోరు మొదలైనా అంతే.

అన్నట్టు, నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లలో ఒకరు తమ ఇంట్లో మిగిలిన చుక్కలు తెచ్చి ఇవ్వబోయారు. ప్రేమే, కాదనను. కానీ కర్ణభేరికి చిల్లు ఉందో లేదో చూడకుండా జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ వేస్తే అది లోపలికి దిగి వినికిడికే ఎసరు పెట్టవచ్చు. చెవిలో వేసిన మందు గొంతులో చేదుగా తగిలితే ఆ చిల్లును అనుమానించాలి. చుక్కలు కదా ఏమవుతుందిలే అనే ఈ ధీమాకు కారణం కూడా నువ్వే, బొటనవేలంత ఉండి అమాయకంగా కనిపిస్తావు.

సరే, ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. దిండుకు చెవి ఆనించనివ్వని ఆ పోటు నీ వల్లే తగ్గుముఖం పట్టింది. దవడ కదిపితే ప్రాణం పోయేది, ఇప్పుడు నములుతున్నాను. అందుకే నిన్ను కిటికీలోంచి విసిరేయలేదు. తెరిచిన తేదీ నీ పక్కన పెన్నుతో రాశాను, 28 రోజులు దాటితే మనిద్దరికీ సంబంధం లేదు. ఈలోగా డాక్టరు చెప్పినన్ని రోజులూ వేసుకుంటాను, పోటు తగ్గిందని మధ్యలో ఆపను.

రాత్రి డోసుకు పావుగంట ఉంది. రా, పిడికిట్లోకి రా.

ఇట్లు,
ఎడమ చెవి తరఫున,
నీ పేషెంటు