అరువు గురువులతో ప్రసూతి విద్యా?

జిల్లాకొక ప్రభుత్వ వైద్య కళాశాల అని చాటుకున్న తెలంగాణలో 2025లో 26 కళాశాలలకు జాతీయ వైద్య కమిషన్ సంజాయిషీ నోటీసులు ఇచ్చింది. ఖాళీ పోస్టులు, పడకలు, హాజరు లెక్కల మీద సాగిన ఆ రభసలో అసలు ప్రశ్న మరుగున పడింది. నిన్నమొన్న పుట్టిన ప్రసూతి, శిశువైద్య విభాగాలకు, వాటితో పాటే తెరిచిన నర్సింగ్ కళాశాలలకు పాఠం చెప్పడం నేర్పేదెవరు?

పాత కళాశాలల ఆచార్యులను తనిఖీకి ముందు కొత్త చోటికి పంపడం, గండం గట్టెక్కగానే వెనక్కి రప్పించడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏళ్లుగా అందరికీ తెలిసిన తంతే. అలా వెళ్లిన ఆచార్యుడు రిజిస్టర్‌లో సంతకం చేస్తాడు తప్ప, అక్కడి అసిస్టెంట్ ప్రొఫెసర్‌తో కలిసి ఒక్క రాత్రి డ్యూటీ కూడా చేయడు. కమిషన్‌కు కనిపించాల్సిన రోజున దొరికే గురువు విద్యార్థికి అవసరమైన రోజున దొరకడంటే, అది మోసం కాక మరేమిటి?

ప్రసూతి విద్యలో ఈ మోసం ఖరీదు తల్లీబిడ్డలు చెల్లిస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే; ప్రైవేటులో అది 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 42.4 శాతం. దేశ సగటు 21.5 శాతమే. కోత ఇంతగా అలవాటైన చోట, నొప్పులు మొదలైన తల్లి పక్కన గంటల తరబడి ఓపికగా కూర్చోవడం, కాన్పు పురోగతిని నమోదు చేసే పార్టోగ్రాఫ్ పట్టికలో గీత ఎటు మళ్లుతోందో చూసి ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు కత్తి పట్టాలో తేల్చుకోవడం, పుట్టగానే ఏడవని బిడ్డకు మొదటి నిమిషంలోనే శ్వాస అందించడం విద్యార్థి ఎవరిని చూసి నేర్చుకోవాలి? ఇవి తెరమీద స్లయిడ్లు చూపిస్తే వచ్చే విద్యలు కావు. చేయి తిరిగిన వారి పక్కన నిలబడి, తప్పు చేయబోతుంటే వారు ఆపగా నేర్చుకునేవి.

దారి తెలియక కాదు. 2017లో కరీంనగర్‌లో స్టాఫ్ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ (సహజ కాన్పు చేయించే నర్సు విద్య) శిక్షణ మొదలుపెట్టినప్పుడు తెలంగాణ ప్రభుత్వం యునిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ప్రసూతి ఆసుపత్రి తోడ్పాటు తీసుకుంది. కేంద్రం 2018 చివరలో విడుదల చేసిన మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు కూడా ముందు బోధకులను తయారుచేసుకుని, ఆ తర్వాతే శిక్షణను విస్తరించాలన్న వరుసను పాటించాయి. నర్సుల విషయంలో ఒప్పుకున్న ఈ వరుస డాక్టర్ల చదువు దగ్గరికి వచ్చేసరికి తలకిందులైంది: ముందు సీట్లు, తర్వాత భవనాలు, చివరికి ఎప్పుడో గురువులు.

మారుమూల జిల్లాలకు వైద్యం చేరువ కావాలంటే కొన్ని లోపాలను ఓర్చుకోక తప్పదన్న వాదన ఉంది. కళాశాలలు అక్కర్లేదని మేమూ అనడం లేదు. అయితే లోపాన్ని ఓర్చుకోవడం వేరు, అరువు తెచ్చిన ఆచార్యులతో దాన్ని కప్పిపెట్టడం వేరు. తెలంగాణలో మాతృ మరణాల నిష్పత్తి లక్ష సజీవ జననాలకు 43కు తగ్గిందని 2018-20 లెక్కలు చూపి గొప్పలు చెప్పుకునే ప్రభుత్వానికి, ఆ తగ్గుదలను నిలబెట్టాల్సిన రేపటి వైద్యుల చేతులకు ఎవరు తర్ఫీదు ఇస్తున్నారో చెప్పే బాధ్యత లేదా?

నీలోఫర్, పేట్లబురుజు, సుల్తాన్‌బజార్ ప్రసూతి ఆసుపత్రి, అటు విశాఖ కేజీహెచ్, గుంటూరు జీజీహెచ్ వంటి చోట్ల అనుభవం కుప్పలుగా ఉంది. ప్రతి కొత్త విభాగాన్నీ ఇలాంటి ఒక పాత విభాగానికి కనీసం మూడేళ్లు ముడిపెట్టాలి. మెంటార్‌గా వెళ్లే వారి పేరు, వారు అక్కడ ఉండే రోజులు బహిరంగంగా ప్రకటించాలి. ఆ సమయాన్ని వారి సొంత డ్యూటీ నుంచి మినహాయించాలి, లేకుంటే ఇదీ మరో తంతే అవుతుంది. పదవీ విరమణ చేసిన ప్రసూతి ఆచార్యులను, సీనియర్ లేబర్ రూం సిస్టర్లను గౌరవ వేతనంతో పిలిపించుకోవడానికి అడ్డేమిటో ఆర్థిక శాఖ చెప్పాలి. కాళోజీ, ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయాలు పరీక్షలు పెట్టి పట్టాలు పంచడంతో తమ పని అయిపోయిందనుకుంటే కుదరదు; అఫిలియేషన్ పొడిగించే ముందు ఈ ఏర్పాటు ఉందో లేదో అవి స్వయంగా వెళ్లి చూడాలి. ముందుగా కబురు పెట్టకుండా వెళ్లాలి.