పుచ్చు లేని వంకాయలు

ఈసారి మన బెంగళూరు తెలుగు సంఘం కార్తీక వనభోజనాలకు మా చిన్నాన్నను ఎందుకు తీసుకెళ్లానా అని ఇప్పటికీ బాధపడుతున్నాను. కంటి ఆపరేషన్ కోసం మదనపల్లె దగ్గరి మా ఊరి నుంచి వచ్చి నెల రోజులుగా మా ఇంట్లోనే ఉన్నాడు. నలుగురు తెలుగువాళ్లను చూస్తే మనసు తేలిక పడుతుందని నేనే బలవంతపెట్టాను.

నిరుడు గుత్తి వంకాయ కూరలో పురుగు వచ్చిందని జరిగిన గొడవ మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. వంటవాళ్లకు ఇవ్వాల్సిన డబ్బులో కోత కూడా పెట్టాం. ఈసారి ఉసిరి చెట్టు కింద పూజ అయ్యి, విస్తళ్లు వేశాక కార్యవర్గ సభ్యులొకరు మైకు అందుకుని, ఒక్క పుచ్చు కూడా లేని కాయలు ఏరించి తెప్పించామని చెప్పారు. అందరం చప్పట్లు కొట్టాం. ఆయన అక్కడితో ఆగలేదు. తిండి ఎంత కల్తీ అయిపోయిందో వివరిస్తూ, "ఈ రైతులే డబ్బుకు ఆశపడి మందులు కొట్టి మన పిల్లలకు విషం పెడుతున్నారు" అన్నారు.

చిన్నాన్న మొదటి పంక్తిలో కూర్చున్నాడు. విస్తట్లో వంకాయ వేసింది వేసినట్టే ఉంది. మజ్జిగ రాకముందే ఆకు మడిచి లేచాడు. చేతులు కడుక్కోవడానికి నేను నీళ్లు పోస్తుంటే మెల్లగా అన్నాడు: "ఆ కాయ చూశావా తల్లీ, అద్దంలా మెరుస్తోంది. అలా రావాలంటే కాపు మీద వారానికి రెండుసార్లు కొట్టాలి. కొట్టేవాణ్ణి నేనే, నాకు తెలియదా?"

అప్పుడు ఆయన తరఫున నేను నోరు విప్పలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

వంకాయకు కొమ్మనూ కాయనూ తొలిచే పురుగు ఒకటుంది. గుడ్డు పగిలి బయటపడిన పిల్ల పురుగు ఎంతోసేపు బయట తిరగదు. కాయలోకి దూరి, వచ్చిన దారిని తన రెట్టతోనే మూసేసుకుంటుంది. ఆ తర్వాత పైన ఎంత మందు కొట్టినా దానికి తగలదు. కాబట్టి అది దూరకముందే కొట్టాలి, మళ్లీ మళ్లీ కొట్టాలి. కొట్టాక కొన్ని రోజులు కోయకూడదని డబ్బా మీద రాసి ఉంటుంది. కానీ వంకాయ నాలుగైదు రోజులకోసారి కోతకు వస్తుంది, ఆగితే ముదిరిపోతుంది. మండీలో పైన రెండు పుచ్చులు కనిపిస్తే పెట్టె మొత్తానికీ ధర తెగ్గోస్తారు. ఇక ఏ మందు కొట్టాలో చెప్పేది మందుల దుకాణం యజమాని. పంటకు అప్పిచ్చేదీ ఆయనే.

మా అమ్మ గుత్తి వంకాయకు కాయను తొడిమ దాకా నాలుగు పక్షాలుగా చీల్చి, ఉప్పునీళ్లలో వేసేముందు ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూసేది. లేత గులాబీ రంగు పురుగు కనిపిస్తే ఆ మేరకు కోసి దూడకు వేసేది. మిగిలింది కూరలోకి వెళ్లేది. ఎవరూ గొడవ చేయలేదు.

కూరగాయల మీద మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు వాడకూడదని కేంద్రం 2005లోనే నిషేధించింది. పత్తికీ వరికీ మాత్రం అమ్మకం సాగింది. ఒకే బీరువాలోని సీసా ఏ చేలోకి వెళ్తుందో చూసేవాడెవడు? 2013లో బీహార్‌లోని గండామన్‌లో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ వంట నూనెలో కలిసింది ఈ మందే. ఈ పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ వంకాయ వద్దని 2010 ఫిబ్రవరిలో మన బెంగళూరులోనూ ప్రజాభిప్రాయ సభలో గట్టిగా వాదించారు, మూడు రోజులకే కేంద్రం దాన్ని నిలిపివేసింది. సంతోషించాం. ఆ తర్వాత చేలో పురుగు సంగతేమిటని మనలో ఎవరైనా అడిగామా?

ఎరువులనూ హైబ్రిడ్లనూ మొత్తంగా తిట్టేవాళ్లతో నేను కలవను. 1960లలో అమెరికా గోధుమల ఓడల కోసం ఎదురుచూసిన దేశం మనది. ఐఆర్ 8 వంటి వరి వంగడాలు రాకపోతే మా నాన్న తరం కడుపు నిండేది కాదు. కానీ ఆ దారిలోనే విత్తనం ప్రతిసారీ కొనాల్సిన సరుకైంది, ఊరంతా ఒకే పంటైంది, పురుగుకు ఏడాది పొడవునా మేత దొరికింది. ధర కూడా అంతే. 2023 జులైలో కిలో టమాటా వంద దాటితే మనం గగ్గోలు పెట్టాం. రెండు నెలలకు అదే టమాటా చాలా మార్కెట్లలో రైతుకు కిలోకు పది రూపాయలు కూడా ఇవ్వలేదు. అప్పుడు మన సంఘంలో ఎవరూ మైకు పట్టుకోలేదు.

వనభోజనాలకు వెళ్తున్నప్పుడు కెంగేరి దగ్గర నగరం మురుగు పారే వృషభావతి నది వాసనకు పిల్లలు బస్సు కిటికీలు మూసేశారు. ఈ నీళ్లు ఎక్కడికి పోతాయని చిన్నాన్న అడిగాడు. బిడది పక్కన బైరమంగళ చెరువుకు, అక్కడి నుంచి పొలాలకు. ఆ నీళ్లలో భార లోహాలున్నాయని పరిశోధకులు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఆ విషాన్ని వదిలింది మన నగరం, ఏ రైతూ కాదు.

ఇంకొక నిజం దాచను. చిన్నాన్న ఇంటి కోసం నాలుగు సాళ్లు వేరుగా పెట్టుకుంటాడు, వాటికి మందు కొట్టడు. ఇది చదివి మీకు కోపం రావచ్చు. నాకు రాలేదు. ఆ నాలుగు సాళ్లలో సగం కాయలు పురుగే తింటుంది. ఆ నష్టాన్ని భరించగల శక్తి ఆయనకు నాలుగు సాళ్ల వరకే ఉంది. అరెకరం మొత్తానికీ ఆ శక్తి రావాలంటే కొనేవాళ్లు తోడు నిలవాలి.

దారి లేకపోలేదు. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం 2003లోనే తమది పురుగుమందులు లేని ఊరని ప్రకటించుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ పురస్కారం వచ్చింది. వేప గింజల కషాయం, మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు, తొలిచిన కొమ్మలను ఎప్పటికప్పుడు తుంచేయడం, ఇవన్నీ చిన్నాన్నకు తెలుసు. ఆయనకు లేనిది మచ్చ ఉన్న కాయనూ కొంటామనే మనిషి.

కార్యవర్గ పెద్దలకు నా మనవి ఒక్కటే. ఉగాది భోజనాలకు వంకాయలు మండీ నుంచి తెప్పించకండి. ధర ముందే మాట్లాడుకుని, పెట్టెలో కొన్ని పుచ్చులు వచ్చినా డబ్బు తగ్గించకుండా, రైతు దగ్గరే కొనండి. మా చిన్నాన్న దగ్గరే కొనమని అనను, కోలారు రైతైనా సరే. కాయలు చీల్చి చూసే పనికి నేను వస్తాను, ఇంకో పది మందిని వెంటబెట్టుకుని వస్తాను.

మొన్న ఊరికి బస్సెక్కేముందు చిన్నాన్నకు ఈ సంగతి చెప్పాను. మార్గశిరంలో నారు పోస్తేనే ఉగాదికి తొలి కాపు అందుతుందట. ఎన్ని కిలోలు కావాలో ఈ వారంలో చెప్పమన్నాడు.