స్పెషల్ ఎడ్యుకేటర్‌కి క్లాసు ఇచ్చేటప్పుడు

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు ప్రైవేటు స్కూళ్లలో మన తెలుగు టీచర్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో కొన్నేళ్లు స్పెషల్ ఎడ్యుకేటర్‌గా, అంటే వైకల్యం ఉన్న, చదువులో ఇబ్బందిపడే పిల్లలకి విడిగా నేర్పే టీచర్‌గా చేసి, ఇప్పుడు మామూలు క్లాసుకి రావాలనుకునేవాళ్లకి ఇంటర్వ్యూలో మొదట ఎదురయ్యే ప్రశ్న, 'క్లాసు నిండా పిల్లలుంటే అదుపు చేయగలరా?' అని. ఆ అనుమానం న్యాయం కాదని మా అభిప్రాయం.

అర్హత గురించి గొడవే అక్కర్లేదు. టెట్ (టీచర్ అర్హత పరీక్ష) పాసైతే స్పెషల్ ఎడ్యుకేషన్‌లో డి.ఎడ్. చేసినవాళ్లు ఐదో తరగతి వరకు, బి.ఎడ్. చేసినవాళ్లు ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పాఠాలు చెప్పొచ్చని, చేరాక ఆరు నెలల ప్రత్యేక శిక్షణ తీసుకోవాలని టీచర్ల అర్హతలు నిర్ణయించే కేంద్ర సంస్థ ఎన్‌సీటీఈ 2010 ఆగస్టు 23న ఇచ్చిన నోటిఫికేషన్‌లోనే ఉంది.

పని మాత్రం మారుతుంది, అది దాచాల్సిన విషయం కాదు. స్పెషల్ ఎడ్యుకేటర్ పాఠం చెప్పే రిసోర్స్ రూమ్‌లో ఐదారుగురు పిల్లలు, ఒక్కొక్కరికి విడిగా ప్లాన్, ఒక అక్షరం దగ్గర వారం ఆగినా ఎవరూ అడగరు. మామూలు క్లాసులో యూనిట్ టెస్టు తేదీ ముందే ఖరారై ఉంటుంది, పోర్షన్ అవ్వాలి, సాయంత్రానికి కాపీలు గుట్టగా పడి ఉంటాయి. మొదటి టర్మ్‌లో టెన్షన్ తప్పదు. అప్పుడు పక్క సెక్షన్‌లోని సీనియర్ టీచర్ తోడు దొరికితే చాలా వరకు గాడిలో పడుతుంది.

వాళ్లు తెచ్చేది ఏమిటో కూడా చూడాలి. ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లిష్, పైన కన్నడ, హిందీ, ఇన్ని భాషల మధ్య మూడో తరగతికొచ్చినా చదవడం రాని పిల్లాడిని సోమరి అనేయడం మన దగ్గర ఎంత తేలికో తల్లిదండ్రులకి తెలుసు. భాషల బరువా, డిస్లెక్సియానా (తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) అన్న సందేహం మొదట రావాల్సింది క్లాస్ టీచర్‌కే. స్పెషల్ ఎడ్యుకేటర్‌గా చేసిన మనిషి అమ్మని పిలిచి 'తెలుగులో కథ చెప్తే తిరిగి చెప్పగలడా, తెలుగు అక్షరాల దగ్గర కూడా ఇలాగే తడబడుతున్నాడా' అని అడుగుతుంది, పరీక్ష చేయించాలో, కాస్త సమయం ఇవ్వాలో చెప్పగలుగుతుంది. ఆ రెండు ప్రశ్నలు సమయానికి అడిగేవాళ్లు లేకే ఎంతమంది పిల్లలు చదువంటే భయపడిపోయారో.

మాకు అసలు కోపం తెప్పించేది మేనేజ్‌మెంట్లు వేసే లెక్క. క్లాసు ఇచ్చినట్టే ఇచ్చి, 'మీకు అనుభవం ఉంది కదా మేడమ్' అంటూ అన్ని సెక్షన్లలో ఇబ్బందిపడే పిల్లలందర్నీ ఆ ఒక్క సెక్షన్‌లోకి తోసేస్తారు. ఖాళీ అయిన రిసోర్స్ రూమ్‌కి కొత్త మనిషిని తీసుకోరు, పాత పని కూడా ఫ్రీ పీరియడ్లలో ఆమే చూసుకోవాలి, జీతం ఒక్కటే. ఏడాది తిరిగేసరికి ఆమె రాజీనామా చేస్తే 'చూశారా, మామూలు క్లాసు వీళ్ల వల్ల కాదు' అంటారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పిల్లలందరూ కలిసి చదువుకునే ఏర్పాటు చేయమంది. 2021లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక కేంద్రం ప్రైమరీలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలు పది మందికి, ఆపై తరగతుల్లో 15 మందికి ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలని నిష్పత్తి పెట్టింది. ఆ ఒకరు క్లాసుకి వెళ్లిపోతే ఇంకొకరిని తేవాల్సిందే.

కాబట్టి క్లాస్ టీచర్‌గా తీసుకుంటే అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఆ పని మాత్రమే రాయండి, పిల్లల్ని అన్ని సెక్షన్లకీ సమంగా పంచండి. పాత పోస్టుకి మనిషిని తీసుకున్నారా లేదా అని వచ్చే పేరెంట్-టీచర్ మీటింగ్‌లో తల్లిదండ్రులు ప్రిన్సిపల్‌ని నేరుగా అడగాలి, మన పిల్లలకి ఆ అవసరం లేకపోయినా సరే.