ఎక్స్‌రే గూడేనికి వెళ్లాలి

దగ్గు లేదు, జ్వరం లేదు, పని మానింది లేదు. అయినా ఊపిరితిత్తుల్లో టీబీ ఉండొచ్చు. 2019-21లో దేశమంతటా జరిగిన టీబీ సర్వేలో బయటపడిన కేసుల్లో దాదాపు 43 శాతం, ఛాతీ ఎక్స్‌రే తీయకపోయి ఉంటే దొరికేవే కావు. దగ్గుకుంటూ ఆసుపత్రికి వచ్చేవాళ్ల కోసమే కూర్చుంటే ఎంతమంది మిగిలిపోతారో చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు. ఎక్స్‌రే యంత్రమే మనుషుల దగ్గరికి వెళ్లాలని మేము కోరుతున్నది అందుకే.

ఏటూరునాగారం అవతలి గూడెం మనిషి వరంగల్ దాకా వచ్చి ఎక్స్‌రే తీయించుకోవాలంటే ఆ రోజు కూలి పోతుంది. తోడు వచ్చినవాళ్ల కూలీ పోతుంది. ఒంట్లో ఏ బాధా లేనివాళ్లు అంతదూరం ఎందుకొస్తారు? బ్యాటరీతో నడిచే, చేత్తో పట్టుకెళ్లే ఎక్స్‌రే యంత్రాలు ఇప్పుడు ఉన్నాయి. 2024 డిసెంబరులో మొదలైన వంద రోజుల టీబీ కార్యక్రమంలో వాటిని వాడారు కూడా. ఆ పని వంద రోజులతో ఆగకూడదు.

చిన్నదైనా పెద్దదైనా యంత్రం పనిచేసే తీరు ఒకటే. గాలి తీసేసిన గొట్టంలో సన్నటి తీగ వేడెక్కి ఎలక్ట్రాన్లను వదులుతుంది. వేల వోల్టుల కరెంటు వాటిని టంగ్‌స్టన్ లోహం మీదికి విసురుతుంది. ఆ దెబ్బలో 99 శాతం వేడిగా పోయి, ఒక్క శాతమే ఎక్స్ కిరణాలవుతుంది. ఎముకలోని కాల్షియం వాటిని ఆపుతుంది, అందుకే ఎముక తెల్లగా పడుతుంది. గాలి నిండిన ఊపిరితిత్తులు నల్లగా వస్తాయి. ఆ నలుపులో తెల్ల మచ్చ కనిపిస్తే అనుమానం. అంతమాత్రాన టీబీ అని తేల్చరు, తెమడ పరీక్ష చేయాల్సిందే. 1895లో ఈ కిరణాలను కనిపెట్టిన జర్మనీ శాస్త్రవేత్త రాంట్‌జెన్ వాటి మీద పేటెంటు తీసుకోలేదు. అంత ఉదారంగా వచ్చిన వస్తువు మన గూడేలకు ఇంకా దూరంగా ఉండటం మాకు బాధగా ఉంది.

క్వారీలనూ మరవొద్దు. కరీంనగర్ గ్రానైట్ క్వారీల రాతిదుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. పైగా అది ఉన్నవాళ్లకు టీబీ ముప్పు ఎక్కువ. ఎక్స్‌రేలో ముందే తెలిస్తే కనీసం ఆ మనిషిని దుమ్ములోంచి తప్పించొచ్చు.

రేడియేషన్ అంటే జనంలో టెన్షన్ ఉంది. ఒక ఛాతీ ఎక్స్‌రేతో తగిలేది, నేల నుంచీ ఆకాశం నుంచీ పది పదిహేను రోజుల్లో మనకు మామూలుగా తగిలేంతే. స్విచ్ ఆపగానే కిరణాలు ఆగిపోతాయి, గదిలో మిగలవు. గర్భిణులు మాత్రం ముందే చెప్పాలి. రోజంతా ఎక్స్‌రేలు తీసే టెక్నీషియన్ సంగతి వేరు. సీసం ఏప్రన్, డోసు కొలిచే బ్యాడ్జి ఇవ్వకుండా ఎవరినీ ఊళ్లకు పంపకూడదు.

వానలు ముదిరితే ములుగు, భూపాలపల్లి ఏజెన్సీలో వాగులు పొంగి దారులు తెగిపోతాయి. మొదటి విడత యంత్రాలు ఆలోపే ఆ గూడేలకు చేరాలి. టీబీ తేలినవాళ్లకు ఆరు నెలల మందులూ వాళ్ల ఊళ్లోనే అందాలి.