ఆ ఐదో బటన్‌ని అలా వదిలేయొచ్చుగా

నిన్న రాత్రి రెండింటిదాకా కూర్చుని ఒక కొత్త ఫాంటసీ నవల చదివా, ఒళ్లు మండి నిద్ర పట్టలేదు, అందుకే ఈ పోస్ట్. పేరు చెప్పను, మొదటి పుస్తకమంట పాపం.

నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్, కానీ లిఫ్ట్‌లో ఐదో బటన్ ఉంటుంది, వానొస్తేనే వెలుగుతుంది. ఒకావిడ బకెట్ పట్టుకుని పైకెళ్లి బట్టలు ఆరేసుకొస్తుంది, అక్కడెప్పుడూ ఎండేనంట. అసోసియేషన్ మీటింగ్‌లో గొడవేమో ఐదో అంతస్తు ఎలా వచ్చిందని కాదు, దాని మెయింటెనెన్స్ ఎవరు కట్టాలని! అబ్బ, అక్కడే ఫ్లాట్ అయిపోయా.

తొమ్మిదో చాప్టర్‌లో ఒక ముసలాయన దిగాడు. పదిహేను పేజీలు ఒకటే క్లాసు. ఏడు లోకాలంట, వాటికో మండలి అంట, శక్తికి మూడు మెట్లంట, హీరోయిన్‌ది మూడో మెట్టంట. బట్టలావిడ మళ్లీ కనబడితే ఒట్టు. (పుస్తకం మొదట్లో మ్యాప్ కూడా ఉంది, అపార్ట్‌మెంట్ కథకి మ్యాప్!)

అట్ట మీదేమో మ్యాజికల్ రియలిజం అని, అంటే మామూలు బతుకుల మధ్య వింత కూడా మామూలుగానే జరిగిపోయే కథ. ఆ మాట 1925లో ఫ్రాంజ్ రో అనే జర్మన్ విమర్శకుడు పెయింటింగుల గురించి వాడింది, మామూలు వస్తువులే వింతగా కనబడే బొమ్మలు అవి. నవలలకి తర్వాత అంటుకుంది. అలాంటి నవలలకి పేరున్న కొలంబియా రచయిత మార్క్వెజ్ 1981లో వచ్చిన ఇంటర్వ్యూలో అన్నాడు, ఆకాశంలో ఏనుగులు ఎగురుతున్నాయంటే ఎవడూ నమ్మడు, 425 ఏనుగులంటే నమ్మినా నమ్ముతారని. ఏనుగు ఎలా ఎగిరిందో చెప్పలేదు చూడండి, లెక్క చెప్పాడంతే. ఆ మెయింటెనెన్స్ గొడవ చేసిన పని కూడా అదే. మన ఏడు చేపల కథలో చేపకి మాటలెలా వచ్చాయని ఏ పిల్లాడైనా అడిగాడా, అది ఎందుకు ఎండలేదన్నదే కదా అందరి టెన్షన్.

రూల్స్ వద్దని కాదు నేననేది. మంత్రంతోనే గండం గట్టెక్కించేట్టయితే దాని హద్దులు ముందే తెలియాలి, లేకపోతే క్లైమాక్స్ చీటింగే, ఫాంటసీ రచయిత బ్రాండన్ శాండర్సన్ 2007లో ఒక వ్యాసంలో చెప్పింది దాదాపు ఇదే. అలా రాయాలనుకుంటే మొదటి పేజీ నుంచే రాయి, ఎవరొద్దన్నారు. ఇక్కడ ఆ అంతస్తు బట్టలారడం తప్ప ఎవరి సమస్యా తీర్చట్లేదు, దాని అందమే అది, దానికి పోయి మండలేంటి మెట్లేంటి.

చివరికి ఆ అంతస్తు పోర్టల్ అని, అంటే వేరే లోకానికి దారి అని తేలింది, హీరోయిన్ మూసేసింది, లోకం బతికింది, సీక్వెల్ కూడా ఉందంట. నా డౌట్ ఒక్కటే, అప్పుడు బయట వాన పడుతోంది కదా, మరి ఆవిడ బట్టలు పైనే ఉండిపోయాయా?